1964 బీటిల్: ఎల్ 360 నీలానికి షేడ్ కలిపి, ఫ్యాక్టరీ పెయింట్ పోకుండా చేసిన రిపేరు

బండి 1964 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, ముదురు నీలం. ముందు డిక్కీలో (బీటిల్‌కి ఇంజను వెనక, సామాను ముందు) స్పేర్ చక్రం వెనకున్న కాగితం చీటీ సగం చెరిగిపోయినా ఎల్ 360 అన్న కోడ్ చదవడానికి వచ్చింది. ఫ్యాక్టరీ ఈ రంగుకి పెట్టిన పేరు సీబ్లావ్, అంటే సముద్రపు నీలం. పెయింటు ఒకే పొరలో రంగూ మెరుపూ కలిసి ఉన్న పాతకాలపు ఎనామెల్. పైన క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పొర) లేదు.

లోపాలు రెండు. ఎడమ తలుపు కింది భాగంలో 14 సెంటీమీటర్ల గీత, ఇనుము తేలేంత లోతుగా, దాని చుట్టూ పల్చటి సొట్ట. ఇక ఎడమ వెనక మడ్‌గార్డ్‌కి ఎప్పుడో ఎవరో మళ్లీ పెయింట్ కొట్టారు. కోడ్ చెప్పి కలిపించిన రంగే అది. అయినా పక్కనున్న బాడీ ముందు ప్లాస్టిక్ బకెట్‌లా వేరుగా కనబడుతోంది. యజమాని పెట్టిన షరతు ఒక్కటే: బాగున్న ఫ్యాక్టరీ పెయింట్‌ని ముట్టుకోకూడదు.

ఆ మడ్‌గార్డ్ ఎందుకు కలవలేదో అర్థమైతే పని సగం అయినట్టే. కోడ్ చెప్పేది 1964లో డబ్బాలో ఉన్న రంగు. బండి మీద ఇప్పుడున్నది అరవై ఏళ్లు ఎండ తిన్న రంగు. రెసిన్ (రంగుపొడిని పట్టి ఉంచే జిగురు) పసుపు తిరిగి నీలాన్ని కొంచెం పచ్చ వైపు లాగుతుంది, పైపొర పాలిపోయి బూడిద తేలుతుంది. కాబట్టి కోడ్ ఫార్ములా దగ్గర మొదలుపెట్టాలి గానీ అక్కడే ఆగకూడదు.

ముందు కొలతలు

మందం మీటర్‌తో ప్రతి ప్యానెల్ మీదా కనీసం ఆరు చోట్ల కొలిచాం. పైకప్పు, బానెట్, కుడి తలుపు 90 నుంచి 115 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ కాలపు ఫ్యాక్టరీ పెయింట్‌కి ఇది మామూలే. ఎడమ తలుపు 85 నుంచి 105, అంటే గీత ఉన్నా ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎడమ వెనక మడ్‌గార్డ్ 240 నుంచి 280. బానెట్ అంచు మడతల మీద మాత్రం 55కి పడిపోయింది. ఏళ్ల తరబడి పాలిష్ కొట్టినవాళ్లు అక్కడే ఎక్కువ అరగదీశారు. అలాంటి చోట పాలిష్ మెషీన్ పెడితే ప్రైమర్ (రంగు కింది అడుగు పూత) తేలడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే 70 లోపు వచ్చిన ప్రతిచోటా టేపు ముక్క అంటించి పెట్టాం.

మీటరు మొత్తం మందమే చెబుతుంది, లోపల ఎన్ని పొరలున్నాయో చెప్పదు. దానికి మడ్‌గార్డ్ కింది అంచు దగ్గర, కంటికి ఆనని చోట, రూపాయి బిళ్లంత మేర 1000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి గుండ్రంగా రుద్దాం. చెట్టు కాండం అడ్డంగా కోస్తే కనబడే వలయాల్లాగా పొరలు బయటపడ్డాయి: బయట కొత్త నీలం, దాని కింద లేత బూడిద ప్రైమర్, ఆ కింద పాత నీలం, మధ్యలో ఫ్యాక్టరీ ప్రైమర్. పాత నీలం వలయం వెంట్రుక మందాన ఉంది, అదీ అక్కడక్కడా తెగిపోయి. ఆ రిపెయింట్ చేసినవాళ్లు ముందు గరుకు కాగితంతో గట్టిగానే రుద్దారన్నమాట. ఆ వలయం వెడల్పుగా, తెగకుండా వచ్చి ఉంటే పైపొర మొత్తం తడి రుద్దుడుతో తీసేసి కింది ఫ్యాక్టరీ పెయింట్‌ని బయటికి తెచ్చేవాళ్లం. నెమ్మదిగా సాగే పనే గానీ అంతకంటే మంచి రిపేరు లేదు. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. మడ్‌గార్డ్‌కి కొత్త పెయింటే గతి.

పాత పెయింట్ ఏ రకమో తేల్చడానికి తెల్లగుడ్డకి లక్క థిన్నర్ అద్ది తలుపు లోపలి మడత మీద పది సెకన్లు ఆనించాం. లక్క పెయింట్ అయితే వెంటనే కరిగి గుడ్డకి ధారాళంగా రంగు అంటుతుంది. ఇది కరగలేదు, పైన కొంచెం మెత్తబడింది. అది ఎనామెల్ గుణం. ఈ మెత్తబడటాన్ని గుర్తు పెట్టుకోవాలి, తలుపు దగ్గర ఇదే ఇబ్బంది పెట్టింది.

ఇంకో జాగ్రత్త. ఆ కాలపు పెయింట్లలో, ప్రైమర్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు. తడిపి రుద్ది, ఆ బురదని గుడ్డతో ఎత్తి మూట కట్టాలి, కాలువలోకి కడగకూడదు.

షేడ్ దేనికి కలపాలి

బాడీ మీద ఏ రంగుకి కలపాలన్నది చిన్న ప్రశ్నలా కనబడుతుంది, చాలా రిపేర్లు చెడేది మాత్రం ఇక్కడే. ఇదే బండిమీద మూడు నీలాలున్నాయి. డ్యాష్‌బోర్డ్ కింద ఎండ తగలని నీలం, పాలిష్ చేయని బాడీ మీద పాలిపోయిన నీలం, ఆ పాలిపోయిన పొర తీశాక బయటపడే నీలం. తలుపు మీది క్రోమ్ పట్టీ విప్పితే దాని కింద మొదటి నీలం గీతలా కనబడుతుంది. కొందరు దాన్ని చూసి "ఇదే అసలు రంగు" అని దానికే కలిపేస్తారు. రంగు అసలుదే, కానీ రిపేరు పక్కన కనబడేది అది కాదు కదా.

మూడోదానికే కలపాలి. ముందు బండి కడిగి, మైనం, సిలికాన్ పోయేలా డీగ్రీజర్‌తో తుడిచి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే బంకమన్నులాంటి ముద్ద) రుద్దాం. తర్వాత మడ్‌గార్డ్‌ని ఆనుకుని ఉన్న వెనక బాడీ ప్యానెల్ మీద అరచేతి మేర చేత్తోనే సన్నటి పాలిష్ రుద్దాం. గుడ్డ నీలంగా మారింది. క్లియర్ లేని పెయింట్‌కి అది సహజం, కంగారు అవసరం లేదు. తలుపు మీద గీతకి జానెడు దూరంలో ఇంకో చోట అలాగే చేశాం. రెండు చోట్లా కొలతలు తీస్తే తలుపు కంటే వెనక ప్యానెల్ కాస్త లేత. అది పైకి తిరిగి ఉండే వంపు, ఎండ ఎక్కువ తింటుంది. తేడా చిన్నదే కాబట్టి ఒకే రంగు కలిపి తలుపుకి మాత్రం ఒక చుక్క నలుపు పెంచాలని నిర్ణయించుకున్నాం.

స్పెక్ట్రో మీటర్‌ని (రంగుని అంకెల్లో కొలిచే పరికరం) వంపు మీద పెడితే అంచులనుంచి వెలుతురు లోపలికి కారి లెక్క తప్పుతుంది. ఉన్నంతలో చదునైన చోట, మీటర్‌ని కొంచెం తిప్పుతూ మూడుసార్లు కొలిచి సగటు తీసుకున్నాం. పాలిష్ చేయకముందు అదే చోట తీసిన కొలతకీ దీనికీ తేడా డెల్టా-ఈ (రెండు రంగుల మధ్య తేడాని చెప్పే అంకె) లెక్కలో 4 దాటింది. ఒకటి దాటితేనే పక్కపక్కన కన్ను పట్టేస్తుంది, కాబట్టి మురికి మీద కొలిచి కలిపితే పని మొదట్లోనే చెడిపోయినట్టు.

కార్డులు, తూకం

పెయింట్ రకం: టూ-కె (గట్టిపరిచే హార్డెనర్‌ని వేరుగా కలిపే) పాలీయురేథేన్, ఒకే పొర, క్లియర్ లేకుండా. బేస్, క్లియర్ పద్ధతి ఇక్కడ వద్దు. క్లియర్ కింద రంగు అద్దం వెనక ఉన్నట్టు లోతుగా కనబడుతుంది, పాత ఎనామెల్‌లో రంగు పైనే ఉంటుంది. షేడ్ అచ్చంగా కలిసినా ఈ తేడా దాగదు.

ఎల్ 360కి ఉన్న ఆధునిక ఫార్ములాతో 100 గ్రాములు కలిపి మొదటి కార్డు (రంగు పోల్చి చూసే అట్ట) స్ప్రే చేశాం. కార్డు మీద నలుపు తెలుపు గళ్లుంటాయి, అవి పూర్తిగా కప్పుకుపోయేదాకా కోట్లు వెయ్యాలి. ముదురు నీలాలు సులభంగా కప్పవు, దీనికి మూడు కోట్లు పట్టింది. రెండు కోట్లకే ఆగి చూస్తే కింది తెలుపు లోపలినుంచి తొంగి చూసి షేడ్ లేతగా ఉందన్న భ్రమ కలుగుతుంది. దాన్ని సరిచెయ్యబోయి నలుపు కలుపుతారు, తర్వాత బండిమీద మూడో కోటుకి అది ముదిరిపోతుంది. తడి పెయింట్‌ని కర్రతో తీసి బండికి అద్ది చూడటం కూడా వద్దు, ఆరాక రంగు మారుతుంది. కార్డు ఆరాలి, బాడీకి ఉన్నంత మెరుపే దానికీ ఉండాలి, అప్పుడే పోల్చాలి.

మొదటి కార్డు పాత మడ్‌గార్డ్‌లాగే శుభ్రమైన నీలం. తూకం 0.01 గ్రాము చూపించేది వాడి, ఒక్కసారికి ఒక్క టింటరే (షేడ్ మార్చే గాఢమైన రంగు) కలిపి రాసుకుంటూ పోయాం. 0.6 గ్రాముల నలుపుతో వెలుగు దిగింది. 0.3 గ్రాముల ఆక్సైడ్ పసుపుతో రంగు పచ్చ వైపు జరిగి, కొంచెం మసకబారింది. మూడో కార్డుకి ఇంకా ఎరుపు కొడుతోందనిపించి పసుపు 0.1 పెంచాం. నాలుగో కార్డు వర్క్‌షాప్ ఎల్‌ఈడీ కింద బాడీలో కలిసిపోయింది.

బయట నీడలో పెడితే ఫరవాలేదు. సాయంత్రం ఎండలో పెడితే కార్డు వంగపండు రంగు కొట్టింది, బాడీ కొట్టలేదు. ఒక దీపం కింద కలిసి ఇంకోదాని కింద విడిపోయే ఈ జబ్బు షేడ్ తప్పు వల్ల రాదు, రంగుపొడి వేరు కావడం వల్ల వస్తుంది. ఆధునిక ఫార్ములాలో నీలాన్ని ఎరుపు వైపు తిప్పడానికి వయొలెట్ టింటర్ వాడారు. వయొలెట్ ముదురు ఎరుపు కాంతిని కొంత వెనక్కి పంపిస్తుంది. తెల్ల ఎల్‌ఈడీలో ఆ ముదురు ఎరుపు తక్కువ కాబట్టి లోపం కనబడలేదు, సాయంత్రపు ఎండలో బయటపడింది. దీనికి ఇంకొంచెం పసుపు, ఇంకొంచెం నలుపు అంటూ పోతే పనవదు. ఎల్‌ఈడీ కింద చెడుతుంది, ఎండలో బాగవదు. వయొలెట్ మొత్తం తీసేసి, ఫార్ములాలోని పచ్చ వైపు నీలంలో కొంత భాగానికి బదులు ఎరుపు వైపు ఉండే థాలో నీలం పెట్టి మళ్లీ మొదటినుంచీ కలిపాం. ఏడో కార్డు మధ్యాహ్నం నీడలోనూ, సాయంత్రం ఎండలోనూ, హాలొజెన్ బల్బు కిందా నిలబడింది. మీటర్ మీద డెల్టా-ఈ 0.6.

మొత్తం 900 గ్రాములు కలిపాం: మడ్‌గార్డ్‌కి రెండు వైపులకీ 650, తలుపుకి 150, మిగతాది రాళ్ల దెబ్బలకీ దాచుకోవడానికీ. తలుపు వాటాలో 0.15 గ్రాముల నలుపు ఎక్కువ. ఫార్ములా గ్రాముల్లో రాసి కార్డు వెనకే అంటించాం.

తలుపు

లోపలి అట్ట విప్పి, సొట్టను వెనకనుంచి నెమ్మదిగా నెట్టి అర మిల్లీమీటరు దాకా తెచ్చాం. మిగిలినదానికి లప్పం. సుత్తితో ఇంకా కొడితే రేకు సాగి వదులుగా ఊగుతుంది, పైగా చుట్టుపక్కల పెయింట్ చిట్లుతుంది.

గీతలో తుప్పు గోకి, చుట్టూ అంచుని 240, 320, 400 నంబరు కాగితాలతో వరసగా మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పున ఏటవాలుగా రుద్దాం. పాత ఎనామెల్‌కి ఈ అంచే గండం. పైన గట్టిగా కనబడినా రుద్ది తెరిచిన అంచులోకి ఘాటు థిన్నర్ దిగితే అది ఉబ్బి లేచి ముడత పడుతుంది. లప్పంలోని స్టైరీన్ అనే ద్రావకం కూడా అదే పని చేస్తుంది. అందుకని ముందు అడ్డు గోడలా ఎపాక్సీ ప్రైమర్ రెండు పల్చటి కోట్లు, దాని మీద లప్పం, లప్పం రుద్దాక ఇంకో ఎపాక్సీ కోటు, ఆపైనే ఫిల్లర్ ప్రైమర్ (సన్నటి గీతల్ని నింపే మందపాటి పూత).

అంత చేసినా ఒకచోట ముడత పడింది. ఫిల్లర్ ప్రైమర్ రెండో కోటు గీతకి ముందు వైపు ఎపాక్సీ హద్దు దాటి ఒక వేలు వెడల్పు మేర పాత పెయింట్ మీద తడిగా పడింది. ఐదు నిమిషాల్లో అక్కడ దారప్పోగంత సన్నగా వంకరటింకర గీత లేచింది. అప్పుడే రుద్దకూడదు. మెత్తగా ఉన్నది కాగితానికి చుట్టుకుని ఇంకా చింపుతుంది. రాత్రంతా వదిలేసి, మర్నాడు 400తో తడిపి నున్నగా చేసి, ఎపాక్సీని దుమ్ములా రెండుసార్లు, ఇరవై నిమిషాల ఎడంతో చల్లాం. తర్వాత ఫిల్లర్‌ని ఎపాక్సీ హద్దు లోపలే ఉంచాం. మళ్లీ లేవలేదు.

రంగు తలుపు అంచుదాకా కొట్టాలా, మధ్యలోనే ఫేడ్ చెయ్యాలా (క్రమంగా పల్చబరిచి పాతదాంట్లో కలిపెయ్యాలా) అన్నదానికి రెండు వాదనలున్నాయి. క్లియర్ లేని పెయింట్‌లో ఫేడ్ అంచు బలహీనం, పాలిష్‌తో అరిగి ఏళ్ల తర్వాత గీతలా తేలవచ్చు. అంచుదాకా కొడితే ఆ భయం లేదు. కానీ పక్క ప్యానెల్‌తో చిన్న తేడా ఉన్నా నిలువు సందు దగ్గర కన్ను వెంటనే పట్టేస్తుంది, పైగా తలుపు మీది ఫ్యాక్టరీ పెయింట్ అంతా కప్పుకుపోతుంది. ఈ బండికి ఫేడే సరైనదని మా తీర్పు. రేపు అంచు తేలితే మళ్లీ చెయ్యవచ్చు, కప్పేసిన ఫ్యాక్టరీ పెయింట్‌ని తిరిగి తేలేం.

క్రోమ్ పట్టీ కింది భాగమంతా 3000 నంబరు ప్యాడ్‌తో మసకబార్చాం. టేపుని నేరుగా అంటించకుండా వెనక్కి మడిచి పెట్టాం, అంచు గట్టు కట్టకుండా. మొదటి కోటు ప్రైమర్ మేరకే. రెండోది చుట్టూ నాలుగు సెంటీమీటర్లు దాటి, మూడోది ఇంకో ఐదు దాటి. గన్‌లో మిగిలినదానికి సమానంగా ఫేడ్ థిన్నర్ (కొత్త అంచుని పాత పెయింట్‌లో కరిగించి కలిపేది) కలిపి అంచు మీద విసిరి, చివర వట్టి ఫేడ్ థిన్నర్ ఒక్క పొగలా. తలుపు నాలుగు అంచులూ ఫ్యాక్టరీ పెయింట్‌తోనే ఉన్నాయి.

టూ-కె హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. గుడ్డ మాస్కు దేనికీ చాలదు. బొగ్గు ఫిల్టరు మాస్కులో ఫిల్టరు ఎప్పుడు నిండిపోయిందో వాసన బట్టి తెలియదు. బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కు పెట్టుకునే స్ప్రే చెయ్యాలి.

మడ్‌గార్డ్

బీటిల్ మడ్‌గార్డ్ బోల్టులతో విప్పే భాగం, బాడీకీ దానికీ మధ్య సందులో బీడింగ్ అనే పట్టీ ఉంటుంది. బంపర్, వెనక లైటు వైరు ముందు విప్పాలి, ఈ మోడల్‌లో బంపర్ బ్రాకెట్లు మడ్‌గార్డ్‌లోంచే బయటికి వస్తాయి. ఎం8 బోల్టుల వెనక నట్లు బాడీలో బిగించి ఉంటాయి కాబట్టి తుప్పు పట్టినదాన్ని బలవంతంగా తిప్పితే తల ఊడి, మిగతాది లోపల ఉండిపోతుంది. రోజంతా తుప్పు నూనె పట్టించి, ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా కదిలించాం. ఒకటి ఎలాగూ విరిగింది, డ్రిల్ చేసి మర తిరిగి వేశాం.

పాత రిపెయింట్ పొరని తీసి, గట్టిగా ఉన్న ఫ్యాక్టరీ ప్రైమర్‌ని అలాగే ఉంచి, ఇనుము తేలినచోట ఎపాక్సీ, మీద రెండు కోట్లు బూడిద ఫిల్లర్. గైడ్ కోటు (ఎత్తుపల్లాలు చూపించే పల్చటి పూత) చల్లి 400, తర్వాత 600తో తడి రుద్దుడు.

రంగుకి 1.3 మిల్లీమీటర్ల నాజిల్. డబ్బా మీద చెప్పిన నిష్పత్తిలో హార్డెనర్, 10 శాతం థిన్నర్, 2 బార్ గాలితో ఒక పరీక్ష రేకు మీద కొట్టాం. అద్దంలా వచ్చింది, అదే తంటా. ట్యూబ్‌లైటు ప్రతిబింబం బాడీ ప్యానెల్‌లో సన్నగా వణుకుతుంది, ఫ్యాక్టరీ పెయింట్‌కి కొంచెం ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి ఎగుడుదిగుడు) ఉంది. పక్కన నున్నటి అద్దం పెడితే షేడ్ ఎంత కలిసినా రిపేరు అరుస్తుంది. థిన్నర్ 5 శాతానికి, గాలి 1.7కి తగ్గించాక ఆ వణుకు కుదిరింది. మూడు కోట్లు, మధ్యలో పదేసి నిమిషాలు. ఆరాక మందం 55 మైక్రాన్లు పెరిగింది. తర్వాత 1500 పెట్టి మొత్తం చదును చెయ్యలేదు. దుమ్ము గింజలని మాత్రం చిన్న బ్లాకు మీద 2500తో కొట్టేశాం.

వారం ఆగాకే బీడింగ్ పెట్టి బిగించాం. పచ్చిగా ఉన్న పెయింట్‌కి బీడింగ్ అతుక్కుని, మళ్లీ ఎప్పుడైనా విప్పితే పెయింట్ ఊడదీసుకుని వస్తుంది.

చివరి పని, ఫలితం

తలుపు ఫేడ్ దగ్గర పాలిష్ ఎప్పుడూ కొత్త పెయింట్ మీదనుంచి పాతదాని వైపే నడవాలి. ఎదురు నడిపితే పల్చటి అంచు లేస్తుంది. మొదటి బఫింగ్ తర్వాత అంచులో పొగమంచులాంటి మసక కనబడింది. ఫేడ్ థిన్నర్ పూర్తిగా ఆరకముందే రుద్దితే ఇలాగే అవుతుంది. నాలుగు రోజులు ఆగి సన్నటి పాలిష్‌తో చేత్తో రుద్దితే పోయింది.

బానెట్ మీది రాళ్ల దెబ్బలకి హార్డెనర్ లేని టచప్ పెయింట్‌ని అదే షేడ్‌కి కలిపి, పుల్ల మొనతో ఒక్కో చుక్క చొప్పున, రోజుకి ఒక పొర. ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి మూడు నాలుగు పొరలు పట్టాయి. మిగతా బాడీకి రుద్దుడు గుణం లేని, నూనె ఎక్కువున్న గ్లేజ్‌ని రాత్రంతా పట్టించి మెత్తటి గుడ్డతో తుడవడం తప్ప ఏమీ చెయ్యలేదు. పాలిష్ మెషీన్ ఆ బండిని తాకలేదు.

నెల తర్వాత మళ్లీ కొలిస్తే మడ్‌గార్డ్‌కీ పక్క ప్యానెల్‌కీ తేడా 0.7, తలుపు మీద రిపేరుకీ పక్కకీ 0.5. కొత్త పెయింట్, పాత ఎనామెల్ ఒకే వేగంతో వెలవవు. ఈ అంకెలు ఇలాగే ఉంటాయని మాట ఇవ్వలేమని యజమానికి ముందే చెప్పాం, ఏటా అవే చోట్ల కొలవడానికి చోట్లని ఫోటోల మీద గుర్తించి ఇచ్చాం. సూర్యుడు బాగా దిగినప్పుడు తలుపుని వెనకనుంచి ఏటవాలుగా చూస్తే, ఫేడ్ అంచు ఇప్పటికీ ఒక జానెడు మేర లీలగా దొరుకుతుంది. ఇంకో పాలిష్ కొడితే పోవచ్చు. అక్కడి పాత పెయింట్ 85 మైక్రాన్లే ఉంది కాబట్టి కొట్టలేదు.